రెండంగుళాల ఖాళీ

ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటాయని మా లంకపేటలో ప్రతి ఒక్కరికీ తెలుసు. మున్సిపల్ ఛైర్మన్ పేరడిగితే మాత్రం సగం మంది తల గోక్కుంటారు. దీనికి బడి పంతుళ్లను అనడానికి లేదు, జనాన్ని అనడానికి అంతకన్నా లేదు. కారణం మా పత్రిక. ఇంకా సరిగ్గా చెప్పాలంటే మా నూకరాజు గారి పోపుల పెట్టె.

మా పత్రిక పేరు ‘ప్రభాత గోదారి’. ఎనిమిది పేజీల దినపత్రిక. నేనందులో నాలుగో పేజీ చూసే సబ్ ఎడిటర్ని. నూకరాజు గారు పేజీలు అతికించే ఆయన. ఆ రోజుల్లో వార్తల్ని కంప్యూటర్లో కొట్టి, పొడుగాటి పట్టీలుగా ప్రింటు తీసి ఆయన బల్ల మీద పడేసేవాళ్లం. ఆయన వాటిని బ్లేడుతో కోసి, పేజీ అంత కాగితం మీద గమ్ముతో అతికించేవారు. దాన్నుంచి ప్లేటు తీసి మిషనెక్కించేవారు. అంతకుముందు సీసపు అక్షరాలు ఏరి పేర్చిన చేతులవి. మొత్తం ముప్పై ఆరేళ్ల సర్వీసు, అందులో ఒక్కరోజు కూడా ఆయన కూర్చుని పేజీ పెట్టలేదు. కూర్చుంటే గీత వంకర పోతుందని ఆయన నమ్మకం. చొక్కా జేబులో పెన్ను ఉండేది కాదు, స్టీలు స్కేలు ఉండేది.

ఆయన శాస్త్రంలో సూత్రాలు రెండే. వార్త పొడుగైతే తోక కొయ్యాలి. అంటే కింది నుంచి కోసుకుంటూ రావాలి. మంత్రి గారు మాట్లాడినా, మహర్షి మాట్లాడినా కోత కిందినుంచే. అందుకే మా విలేకరులు అసలు సంగతంతా మొదటి రెండు వాక్యాల్లో కుక్కి, ఆ తర్వాత ‘ఈ కార్యక్రమంలో పాల్గొన్నవారు’ అంటూ పేర్లు రాసేవారు. తోకతో పాటు తెగిపోయిన పెద్దమనుషులు మర్నాడు ఆఫీసుకొచ్చి గోల చేసేవారు.

రెండో సూత్రం, వార్త పొట్టిదైతే ఫిల్లరు వెయ్యాలి. ఫిల్లరంటే ఖాళీ పూడ్చే చిన్న ముక్క. ‘నత్త నోట్లో వేల పళ్లుంటాయి’, ‘మొసలి నాలుక బయటపెట్టలేదు’ లాంటివి. వాటిని దాచుకోవడానికి ఆయన ఇంట్లోంచి పాత చెక్క పోపుల పెట్టె తెచ్చుకున్నారు. ఆవాల గదిలో అరంగుళం ఫిల్లర్లు, మెంతుల గదిలో అంగుళంవి, మిరపకాయల గదిలో రెండంగుళాలవి, అలా. ప్రపంచ జ్ఞానాన్ని పొడుగును బట్టి సర్దిన పెట్టె అదొక్కటే అనుకుంటాను. ఏనుగు అరంగుళం గదిలో ఉండేది, చీమ మూడంగుళాల గదిలో. పత్రిక తెరిస్తే ఇంగువ వాసన వస్తోందని ఒక చందాదారుడు ఉత్తరం కూడా రాశాడు.

ఆ పెట్టెలోకి ఏదిపడితే అది పోవడానికి లేదు. హైస్కూలు సైన్సు మాస్టారు చూసి వెనక సంతకం పెడితేనే ప్రవేశం. మా వార్తలకు మాత్రం ఎవరి సంతకమూ అక్కర్లేదు.

ఇలా సాగిపోతుండగా పత్రిక పెట్టిన పెద్దాయన పెత్తనం అల్లుడి చేతిలో పెట్టి తీర్థయాత్రలకు వెళ్లారు. అల్లుడు రామభద్రరాజు గారు మేనేజింగ్ డైరెక్టరయ్యారు. ఆయన హైదరాబాదులో మూడు రోజుల యాజమాన్య శిక్షణకు వెళ్లి, వస్తూ వస్తూ ఒక సర్టిఫికెట్టూ, ఒక కన్సల్టెంటునూ తెచ్చారు. కన్సల్టెంటు పేరు డాక్టర్ కులభూషణ్. ఆయన ఏ డాక్టరో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. రాగానే సర్వే అన్నాడు.

సర్వే అంటే మరేం లేదు. నలుగురు కుర్రాళ్లు టై కట్టుకుని కాఫీ హోటళ్లలో, బస్టాండులో, మంగలి షాపుల్లో రెండువందల మందిని పట్టుకుని ‘నిన్నటి పేపర్లో మీకు గుర్తున్నదేమిటి?’ అనడిగారు. నూట ఎనభై ఏడు మంది ‘నత్త పళ్లు’ అన్నారు. పన్నెండు మంది ‘నిన్న పేపరు మా పక్కింటివాళ్లు పట్టుకెళ్లారు’ అన్నారు. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేసిన అభివృద్ధి ప్రసంగం గుర్తున్నది ఒక్కరికే. ఆ ప్రసంగం చేసింది ఆయనే.

దీని మీద ఎండీ గారి గదిలో సమావేశం పెట్టారు. మా ఎడిటర్ అవధానులు గారు, నేను, గోడకు గీతల పటం తగిలించి కులభూషణ్.

“మిత్రులారా!” అన్నాడు కులభూషణ్. “మీరు తొంభై ఎనిమిది శాతం స్థలాన్ని పాఠక నిమగ్నత లేని సామగ్రికి కేటాయించారు. అంటే వార్తలకు. కేవలం రెండు శాతం స్థలాన్ని మీ ప్రధాన బలానికి ఇచ్చారు. అదీ మూలన! సంస్థ తన బలాన్ని మూలన పెట్టరాదు, కేంద్రీకరించాలి.”

“అంటే?” అన్నారు అవధానులు గారు. ఆయన ఉదయం నుంచి రాత్రి దాకా వాడే మాట అదొక్కటే.

“అంటే ఇకమీదట పత్రిక నిండా ఫిల్లర్లే. వాటి మధ్య ఎక్కడైనా ఖాళీ మిగిలితే, దాన్ని వార్తతో పూడ్చవచ్చు. రెండంగుళాలకు మించరాదు.”

ఎండీ గారు బల్ల మీద చరిచి, “విప్లవాత్మకం!” అన్నారు. అవధానులు గారు మరోసారి “అంటే?” అన్నారు గానీ, అప్పటికే కులభూషణ్ పటం చుట్టేస్తున్నాడు.

నూకరాజు గారిని పిలిపించారు. ముప్పై ఆరేళ్లలో ఆయన ఎండీ గదిలో అడుగు పెట్టడం అదే మొదలు. వేళ్లకు గమ్ము, జేబులో స్కేలు.

“నూకరాజు! మిమ్మల్ని ప్రధాన పూరకాధికారిగా నియమిస్తున్నాం,” అన్నారు ఎండీ గారు.

“ఆయ్. తప్పేటైనా జరిగిందాండీ?”

“తప్పు కాదయ్యా, ప్రమోషను. మీకు వేరే గది, కుర్చీ, బల్ల మీద గంట.”

“కుర్చీ వద్దండి, గీత వంకరెల్లిపోద్దండి. మరి పేజీలెవరు పెడతారండీ?”

“మీరే. గదిలో పని అయ్యాక.”

ఆయన సరేనన్నారు. బయటికొచ్చి నాతో, “బాబుగారండీ, ఇంకో నెలన్నరలో నేను రిటైరైపోతానండి. ఈలోపు నా పెట్టె ఖాళీ అయిపోద్దేమోనండి,” అన్నారు. ఆయన బెంగ ప్రమోషను గురించి కాదు. ఏ రోజు ఏ ఖాళీ వచ్చినా అందులోకి సరిపోయే నిజం ఒకటి తన పెట్టెలో ఉంటుందన్నది ఆయన ధీమా. ముప్పై ఆరేళ్లు ఆ ధీమాతోనే పనికొచ్చారు. నాకప్పుడు నవ్వొచ్చింది. నవ్వినందుకు తర్వాత సిగ్గుపడ్డాను.

పత్రిక కొత్త రూపంలో మొదలైంది. మొదటి పేజీ పతాక శీర్షిక: ‘జిరాఫీ నాలుక మూరెడు!’ దాని పక్కన జిరాఫీ బొమ్మ దొరక్క ఎండీ గారి ఫోటో వేశారు. జనం ఎగబడి కొన్నారు. సంపాదకీయం రాసే అవధానులు గారికి ‘ఒంటె మూపురంలో ఉండేది నీరు కాదు, కొవ్వు’ అన్న అంశం ఇచ్చారు. ఆయన ఇరవై ఏళ్లుగా ప్రభుత్వాన్ని ‘తక్షణం మేల్కొనాలి’ అని హెచ్చరించి అలవాటుపడ్డ మనిషి కావడంతో, చివర ‘ఇకనైనా ఒంటెలు మేల్కొనాలి’ అని ముగించారు.

విలేకరులకు సర్క్యులర్ వెళ్లింది. వార్తలు పంపడం ఆపి విశేషాలు పంపాలి. మర్నాడు ఉదయం ఫోను మోగింది.

“సార్, వంతెన దగ్గర లారీ బోల్తా కొట్టింది సార్!” అన్నాడు రేవు విలేకరి.

“లారీకి ఎన్ని చక్రాలుంటాయో కనుక్కుని చెప్పు,” అన్నాను నేను. నాకూ ఉద్యోగం ఉంది కదా.

“డ్రైవరు...”

“మనిషి ఒంట్లో ఎముకలు రెండువందల ఆరు. అది నిన్ననే వేశాం.”

క్రీడల పేజీలో క్రికెట్ బంతికి ఎన్ని వరసల కుట్లుంటాయో వచ్చింది, ఎవరు గెలిచారో రాలేదు. ప్రారంభోత్సవాలకు వెళ్లిన వాళ్లు రిబ్బను ఎన్ని మూరలో కొలుచుకుని వచ్చేవారు. మా నేర విలేకరి రౌడీల్ని వదిలేసి మొసళ్ల కోసం కాలవగట్టు వెంట తిరిగాడు. పాపం, మూడు రోజులు తిరిగితే ఒక ఉడుము కనబడింది.

పదకొండు రోజులకు నూకరాజు గారి పెట్టె ఖాళీ అయిపోయింది. ముప్పై ఆరేళ్లు కూడబెట్టిన ఏనుగులూ, చీమలూ, గ్రహాలూ, గుడ్లగూబలూ అయిపోయాయి. ఆవాల గదిలో ఒకే ఒక్క అరంగుళం ముక్క మిగిలింది. మళ్లీ సమావేశం.

“సరఫరా కొరత వచ్చినప్పుడు సంస్థలు ఏం చేస్తాయి?” అనడిగాడు కులభూషణ్. “ఉత్పత్తి చేస్తాయి. ఇకపై విశేషాలను మనమే తయారుచేద్దాం. వీటిని ఊహాత్మక పూరకాలు అంటారు. ఉదాహరణకు, నక్కకు నాలుగు భాషలు వచ్చు. ఎవరు కాదంటారు?”

“నేను కాదంటానండి,” అన్నారు నూకరాజు గారు.

ఎండీ గారు కళ్లద్దాలు తీశారు. మా సంస్థలో ఆయన మాటకు కాదన్న మాట వినబడి చాలా కాలమైంది.

“ఎందుకు?”

“నోరులేని జీవాలండి. మనుషుల గురించి అబద్ధం రాత్తే మర్నాడు ఖండన పంపుతారండి, మనం వేత్తాం. నక్క ఎక్కడికెళ్లి ఖండన ఇత్తాదండీ?”

దీనికి కులభూషణ్ దగ్గర పటం లేదు. నక్కలకు ఖండన హక్కు ఉన్నదీ లేనిదీ తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. ఈలోగా పాత ఫిల్లర్లనే తిరగేసి వేస్తూ, ఖాళీలను వార్తలతో పూడ్చే వెసులుబాటును కూడా రద్దు చేస్తూ సర్క్యులర్ నంబరు పద్నాలుగు జారీ చేశారు. ‘పత్రికలో ఎక్కడైనా, ఏ పరిమాణంలోనైనా వార్త కనిపించినట్లయితే బాధ్యులపై కఠిన చర్యలు తీసుకోబడును.’ కింద ఎండీ గారి సంతకం, స్టాంపు. అవధానులు గారు దాన్ని మూడుసార్లు చదివి ఈసారి ‘అంటే?’ అనలేదు. చెప్పులేసుకుని ఇంటికెళ్లి పడుకున్నారు.

సర్క్యులర్ వచ్చిన బుధవారం నాడే మున్సిపాలిటీ నుంచి ఒక ప్రకటన వచ్చింది. చూస్తే తొమ్మిదంగుళాలుంది. ‘ఇందుమూలముగా యావన్మంది పురప్రజలకు తెలియజేయడమేమనగా’ అని మొదలై, కమిషనరు గారి పరిపాలనా దక్షత మీదుగా, పట్టణ పారిశుద్ధ్య చరిత్ర మీదుగా నడిచి నడిచి ఆఖరి రెండు వాక్యాల్లో అసలు సంగతికొచ్చింది. ఊరి మంచినీళ్ల ట్యాంకును మందులు పోసి కడుగుతున్నారు. గురువారం నుంచి కుళాయి నీళ్లు తాగకూడదు, మళ్లీ చెప్పేదాకా.

తెచ్చిన మనిషిని, “తాగితే ఏమవుతుంది?” అనడిగాను.

“చచ్చిపోరండి. కాని చెంబు చేత్తో వదలరండి,” అన్నాడతను.

నేను ఎండీ గారికి ఫోన్ చేశాను. మున్సిపాలిటీ ప్రకటన అనగానే అడ్డొచ్చి, “ఇది విశేషమా, వార్తా?” అనడిగారు. వార్తేనన్నాను. “అయితే సర్క్యులర్ చూసుకోండి,” అని పెట్టేశారు. కులభూషణ్ బస చేసిన లాడ్జికి చేస్తే, ట్యాంకన్న మాట దాటి విననేలేదు, ‘ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయో వెయ్యండి, నిమగ్నత బాగుంటుంది’ అని సలహా ఇచ్చి పెట్టేశాడు.

సాయంత్రం ఆరయింది. నూకరాజు గారు నాలుగో పేజీ ముందు నిలబడి ఉన్నారు. ఆక్టోపస్ కింద రెండంగుళాల ఖాళీ మిగిలింది. అంత పొడుగు ముక్క పెట్టెలో ఒక్కటీ లేదు. నేను ప్రకటన కాగితం ఆయన బల్ల మీద పెట్టి, సంగతంతా చెప్పి, సర్క్యులర్ పద్నాలుగు కూడా చదివి వినిపించాను.

“రిటైరవడానికి ఎన్నాళ్లుంది?” అన్నాను.

“ఇరవై నాలుగు రోజులండి.”

“అయితే వద్దు. నేనే ఏదో ఒకటి చేస్తాను.”

ఆయన నా మాట వినిపించుకోలేదు. స్కేలు తీసి కొలిచారు. తొమ్మిదంగుళాల ప్రకటనలో పైనున్న ఏడంగుళాలూ బ్లేడుతో ఒక్క గీత గీసి తీసి పక్కన పడేశారు. కమిషనరు గారి దక్షత వెళ్లి చెత్తబుట్టలో పడింది. ముప్పై ఆరేళ్లలో ఆయన పైనుంచి కొయ్యడం అదే మొదటిసారి. కోసే ముందు స్కేలు మళ్లీ ఆనించి చూసుకున్నారు.

“కింద ముక్కలో ఉంది కదండీ సంగతి,” అన్నారు, తనలో తాను సర్దిచెప్పుకుంటున్నట్టు. “ఖాళీ కూడా సరిపోయిందండి.”

మర్నాడు ఊళ్లో నలభై వేలమంది ఆక్టోపస్ చదివి, దాని కింద ముక్క కూడా చదివారు. ఒక్కరూ కుళాయి తిప్పలేదు. బావులున్నవాళ్లు బావులు తోడుకున్నారు, లేనివాళ్లు కొబ్బరి బొండాలు కొట్టించుకున్నారు. ఊరు మొత్తమ్మీద ఆ నీళ్లు తాగింది ఇద్దరే. ‘ప్రభాత గోదారి’ చదివే అలవాటు లేనివాళ్లు ఆ ఇద్దరేనన్నమాట. ఒకాయన లాడ్జిలో ఉంటాడు, ఇంకొకాయనకు మేడ ఉంది.

శనివారం నాటికి లేచి కూర్చోగలిగిన ఎండీ గారు మొదట చేసిన పని నూకరాజు గారిని సస్పెండ్ చేయడం. సోమవారం విచారణ. ఎండీ గారు మజ్జిగ గ్లాసుతో, కులభూషణ్ సోడాతో, పొట్టల మీద చేతులు వేసుకుని కూర్చున్నారు. జరిగింది రాసుకునే రాయసకాడిని నేను. అభియోగపత్రం నా చేతనే చదివించారు.

“మొదటి ఆరోపణ. సదరు ఉద్యోగి దినపత్రికలో వార్త ప్రచురించినాడు.”

“వార్త వేశారా, లేదా?” అన్నారు ఎండీ గారు.

“వేసేనండి.”

“ఎందుకు?”

“ఖాళీ ఉందండి. ముక్క కొలతకొచ్చిందండి. నిజం కూడానండి.”

“నిజమని మీకెలా తెలుసు?”

నూకరాజు గారు ఆ ఇద్దరి పొట్టల వంకా చూసి తల దించుకున్నారు. ఆయన మంచి మనిషి.

“రెండో ఆరోపణ,” అని చదివాను. “మొదటి పేజీలో మేనేజింగ్ డైరెక్టర్ గారి ఛాయాచిత్రము కింద ‘నిప్పుకోడి కన్ను దాని మెదడు కన్నా పెద్దది’ అని అతికించుట.”

“అది అరంగుళం ఖాళీ అండి. అరంగుళంలో అదొక్కటే మిగిలిందండి. సైన్సు మాస్టారి సంతకం కూడా ఉందండి.” ప్లేటు తీశాక ఊడదీసి దాచుకున్న ఆ ముక్కను జేబులోంచి తీసి చూపించారు.

తీర్పు వాయిదా పడింది. మధ్యలో ఇద్దరూ బయటికి పరుగెత్తాల్సి వచ్చింది.

ఇక్కడిదాకా జరిగింది చిన్న గొడవే. అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. ట్యాంకు కడగడం శుక్రవారంతో అయిపోయింది. శనివారం ‘ఇక నీళ్లు తాగవచ్చు’ అని మున్సిపాలిటీ ఇంకో ప్రకటన పంపింది. సర్క్యులర్ పద్నాలుగు అమల్లో ఉంది. బల్ల దగ్గర నూకరాజు గారు లేరు. ఆయన చోట నిలబడ్డ కొత్తాయనకు ఉద్యోగం మీద తీపి. నాకు అంతకన్నా తీపి. ప్రకటన వెయ్యలేదు.

జనం నీళ్లు తాగలేదు. మున్సిపాలిటీ వాళ్లు మైకు కట్టుకుని ఆటోలో తిరిగారు. “తాగండహో!” అని అరిచారు. ఎవడూ నమ్మలేదు.

“తాగొద్దని పేపర్లో పడిందండి. తాగొచ్చని పడిందేటి?” అని మా వీధి చివర హోటలాయన ఆటోను ఆపి మరీ అడిగాడు. కమిషనరు గారు నడిబజార్లో కుర్చీ వేయించుకుని కుళాయి కింద గ్లాసు పెట్టి గటగటా తాగి చూపించారు. చుట్టూ చేరినవాళ్లు ఆయన ఎప్పుడు పరుగెడతాడా అని సాయంత్రం దాకా కాచుకుని కూర్చున్నారు.

వారమైంది, రెండు వారాలైంది. ఊరి బావుల్లో నీళ్లు అడుగంటాయి. ముసలివాళ్లు కాలవ నుంచి బిందెలు మోస్తున్నారు. కొబ్బరి చెట్లకు బొండాలు నిలవడం లేదు. పెళ్లిళ్లలో పప్పుచారు సోడాతో కాస్తున్నారని విన్నాను. నిండా నీళ్లున్న ట్యాంకు ఊరి మధ్య నిలబడి ఉంటే, ఊరు దాహంతో ఉంది. నూకరాజు గారింటికి వెళితే, ఆయన అరుగు మీద బిందె దించి ఆయాసపడుతూ కనిపించారు.

“నీళ్లు బాగానే ఉన్నాయి నూకరాజు గారూ. మీరైనా కుళాయి నీళ్లు తాగండి,” అన్నాను.

“తెలుసండి. కాని వాళ్లంతా మోసుకుంటుంటే నేనొక్కణ్నీ ఎలాగండీ? తాగొద్దని చెప్పింది నేనే కదండీ.” ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. “సగం చెప్పి వదిలేసేనండి. రెండో ముక్క వేస్తే గానీ నాకు తిండి సయించదండి.”

ఈలోగా కులభూషణ్ రెండో సర్వే చేయించాడు. రెండువందల మందిని అడిగితే రెండువందల మందీ చెప్పిన సంగతి ఒక్కటే. కుళాయి నీళ్లు. నూటికి నూరు శాతం. ఆయన వృత్తి జీవితంలో అంత నిటారు గీత ఎప్పుడూ గీయలేదట. మళ్లీ పటం, మళ్లీ సమావేశం.

“మిత్రులారా! నేనొక నూతన సిద్ధాంతాన్ని కనుగొన్నాను,” అన్నాడు. గొంతులో ఉద్వేగం. “ఊళ్లో జరిగిన సంగతిని, జరిగినట్టుగా, జనానికి పనికొచ్చేలా పత్రికలో వేస్తే పాఠక నిమగ్నత శిఖరాన్ని తాకుతుంది. కాబట్టి పత్రికను మొత్తం ఇటువంటి సంగతులతోనే నింపుదాం. వార్తలతో నిండిన వార్తాపత్రిక! దేశంలో ఇటువంటి ప్రయోగం ఎవరూ చేసి ఉండరు.”

“విప్లవాత్మకం!” అన్నారు ఎండీ గారు.

అవధానులు గారు నోరు తెరిచారు. నేను ఆయన మోకాలు గట్టిగా నొక్కాను.

కొత్త విధానం ప్రారంభసంచికకు ముహూర్తం పెట్టారు. అది నూకరాజు గారి సర్వీసులో ఆఖరి రోజు. పేజీ పెట్టడం కొత్తాయన వల్ల కాక గీతలన్నీ గోదారి వంపులు తిరగడంతో, సస్పెన్షన్ ఎత్తేసి ఆయన్ని పిలిపించారు. ఆయన బల్ల ముందు నిలబడి, స్కేలు తీసి, “ఏవండీ వార్తలు?” అనడిగారు.

ఎనిమిది పేజీల సామగ్రి వచ్చింది. మొదటి పేజీలో ‘ఇక మీ పత్రిక నిండా వార్తలే’ అన్న ప్రకటన, ఎండీ గారి నిలువెత్తు ఫోటో. రెండో పేజీలో కులభూషణ్‌తో ముఖాముఖి. మూడు నుంచి ఆరు దాకా వార్తలు వేయబోతున్నందుకు ప్రముఖుల అభినందనలు. ఏడులో వార్త అంటే ఏమిటి అన్న వివరణ, పటాలతో సహా. ఎనిమిదిలో ప్రారంభోత్సవ ఆహ్వానం. వార్తలతో నిండిన తొలి సంచికలో వార్తకు చోటు లేదు.

నూకరాజు గారు కొలిచి కొలిచి చూశారు. మొదటి పేజీలో ఎండీ గారి ఫోటో కింద రెండంగుళాలు మిగిలాయి. మొత్తం పత్రికలో ఖాళీ అదొక్కటే.

నేను దాని కోసమే కాచుకుని ఉన్నాను. వారం రోజులుగా కూర్చుని ఆయన గురించి ఒక ముక్క రాశాను. ముప్పై ఆరేళ్ల సంగతిని రెండంగుళాలకు కుదించడానికి నేను పడ్డ పాట్లు నాకే తెలుసు. సీసపు అక్షరాలూ, పోపుల పెట్టె, పైనుంచి కోసిన ఆ ఒక్క కోత, అన్నీ అందులో వచ్చాయి. ఆయన ఫోటోకు చోటు లేదు గానీ పేరు ఇంటిపేరుతో సహా ఉంది. ముప్పై ఆరేళ్లు ప్రతి పేరునూ ఆయన చేత్తో అతికించారు. ఆయన పేరు ఒక్కసారీ పేపర్లో రాలేదు. ఆ పట్టీ ఆయన చేతిలో పెట్టాను.

ఆయన నిలబడే చదువుకున్నారు. రెండోసారి కూడా చదివారు. కళ్లు తుడుచుకున్నారు. స్కేలు ఆనించి చూసి, “సరిగ్గా రెండంగుళాలండి. ఒక్క నూలు తేడా లేదు. నేర్చేసుకున్నారండి బాబుగారూ,” అన్నారు.

ఆ తర్వాత దాన్ని జాగ్రత్తగా పక్కన పెట్టి, “మున్సిపాలిటీ వాళ్లిచ్చిన రెండో కాగితం ఎక్కడుందండీ?” అని అడిగారు.

“నూకరాజు గారూ! ఇవాళ మీ ఆఖరి రోజు. అది రేపు వేద్దాం.”

“రేపు ఎవరేత్తారండీ?”

నన్ను నేను ఎరుగుదును. కాగితం తీసిచ్చాను. దానికీ పైనుంచే కోత పడింది. ఈసారి స్కేలు మళ్లీ ఆనించలేదు. ‘కుళాయి నీళ్లు తాగవచ్చు. ట్యాంకు శుభ్రంగా ఉంది.’ పెద్ద అక్షరాల్లో కొట్టించినా అంగుళంన్నరే వచ్చింది. అరంగుళం మిగిలింది. ఆయన జేబులోంచి పెట్టెలోని ఆఖరి ముక్క తీసి, వెనక సైన్సు మాస్టారి సంతకం మరోసారి చూసుకుని, ఎండీ గారి ఫోటోకు సరిగ్గా కింద నిప్పుకోడిని అతికించారు. ఫోటోకూ, కుళాయికీ మధ్య అది బాగా ఇమిడింది.

మర్నాడు ఉదయం మా వీధిలో కుళాయిలు తిప్పిన చప్పుడుకే నాకు మెలకువ వచ్చింది. హోటలాయన అరుగు మీదికొచ్చి పేపరు ఊపుతూ, “పడిందండోయ్! తాగొచ్చంట!” అని అరిచాడు. చిన్నా పెద్దా అందరూ బిందెలు పట్టుకుని కుళాయిల దగ్గర చేరి, దోసిళ్లతో నీళ్లు తాగి, మొహాలు కడుక్కున్నారు. వార్తలతో నిండిన వార్తాపత్రిక ఘనవిజయం సాధించిందని కులభూషణ్ నివేదిక ఇచ్చి హైదరాబాదు రైలెక్కాడు. ఎండీ గారు యథాప్రకారం పేపరు చదవలేదు కాబట్టి నిప్పుకోడి రెండోసారి పడ్డ సంగతి ఆయనకు ఈనాటికీ తెలియదు.

నూకరాజు గారు రిటైరైన సంగతి ఊళ్లోనూ ఎవరికీ తెలియదు. బజార్లో కనబడితే ‘ఏం నూకరాజు గారూ, ఇవాళ సెలవా?’ అంటారు. ఆయన రిటైరయ్యానంటే నవ్వుతారు. పేపర్లో పడలేదుగా!

వెళ్తూ వెళ్తూ ఆయన పోపుల పెట్టె నా బల్ల మీద పెట్టి వెళ్లారు. మూత తీసి చూశాను. గదులన్నీ ఖాళీ. మిరపకాయల గదిలో మాత్రం, రెండంగుళాల ముక్కలుండే చోట, నేను రాసిన పట్టీ మడత పడకుండా పెట్టి ఉంది. దాని మీద ఒక చీటీ.

‘బాబుగారికి. ఎప్పుడైనా ఖాళీ వస్తే వేద్దురుగాని.’

తొమ్మిదేళ్లయింది. పత్రిక నిండా వార్తలే. ఇంకా ఖాళీ రాలేదు.